గల్ఫ్ ఉపాధి ప్రయాణం: ప్రవేశ నిబంధనలు, భద్రత, ఆరోగ్యం

సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు పని కోసం వెళ్లే భారతీయులకు వర్తించే చట్టాలు, అనుమతులు, వైద్య పరీక్షలు, అక్కడ పాటించాల్సిన జాగ్రత్తలు ఈ వ్యాసంలోని విషయాలు. ఈ ఆరు దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. తెలంగాణలోని జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుంచి ఎక్కువగా మగవాళ్లు నిర్మాణం, పారిశుద్ధ్యం, డ్రైవింగ్ పనులకు వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలు, కోనసీమ, కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఇంటిపని కోసం మహిళలు కూడా పెద్ద సంఖ్యలో వెళ్తారు. వాళ్లలో చాలామంది చేరేది కువైట్‌కే.

గల్ఫ్‌లో చిక్కుల్లో పడ్డవారి కేసులు చూస్తే కొన్ని విషయాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వీసా మీద ఒక పని, చేతిలో మరో పని. చదవకుండా సంతకం పెట్టిన కాంట్రాక్టు. ఏజెంటుకు రసీదు లేకుండా ఇచ్చిన డబ్బు. ఇవన్నీ ఊళ్లో ఉండగానే జరిగిపోతాయి, వాటి ఫలితం మాత్రం పరదేశంలో అనుభవానికి వస్తుంది. అందుకే ప్రయాణానికి ముందు చేయాల్సిన పనులకు ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దక్కింది.

చట్టం, నేపథ్యం

భారతదేశం నుంచి పనికి విదేశాలకు వెళ్లేవారి రక్షణకు ఆధారం 1983 నాటి వలసల చట్టం. అంతకుముందు 1922 నాటి చట్టం అమల్లో ఉండేది. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, ఓడరేవులు, నగరాల నిర్మాణం ఊపందుకోవడంతో భారత్ నుంచి కార్మికుల వలస ఒక్కసారిగా పెరిగింది. నీళ్లు లేని మెట్ట ప్రాంతాల నుంచి, నేత పని తగ్గిన సిరిసిల్ల వంటి పట్టణాల నుంచి వలసపోయినవారి బతుకును ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మూడు మాటల్లో చెప్పడం తెలంగాణలో పరిపాటి అయింది. పాత చట్టం ఈ కొత్త వలసకు సరిపోకపోవడంతో 1983 చట్టం వచ్చింది. రిక్రూటింగ్ ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది ఈ చట్టమే. వలసల సంరక్షక అధికారుల వ్యవస్థ కూడా దీని కిందే నడుస్తోంది. వారి కార్యాలయాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది.

పాస్‌పోర్ట్, ఎమిగ్రేషన్ క్లియరెన్స్

ప్రయాణ తేదీ నాటికి పాస్‌పోర్ట్ కనీసం ఆరు నెలలు చెల్లుబాటయ్యేలా ఉండాలి. పదో తరగతి పాసైనవారు, ఆదాయపు పన్ను కట్టేవారు, 50 ఏళ్లు దాటినవారు, విదేశాల్లో మూడేళ్లకు మించి ఉండి వచ్చినవారు, ఇంకా మరికొన్ని వర్గాలవారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని వర్గంలోకి వస్తారు. మిగతావారి పాస్‌పోర్ట్‌లో ఆ క్లియరెన్స్ అవసరమని ముద్రిస్తారు. దీన్నే వాడుకలో ఈసీఆర్ పాస్‌పోర్ట్ అంటారు.

ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవారు భారత ప్రభుత్వం గుర్తించిన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా వలసల సంరక్షక అధికారి అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలతో పాటు ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, యెమెన్, మలేషియా, థాయ్‌లాండ్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. దరఖాస్తు, యజమాని నమోదు, కాంట్రాక్టు పరిశీలన అన్నీ 2014లో మొదలైన ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతాయి.

చదువు లేనివారిని వేధించడానికే ఈ అనుమతి పెట్టారని కొందరు అనుకుంటారు. నిజానికి ఈ దశలో యజమాని ఎవరో, జీతం ఎంతో, పని ఏమిటో ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. తర్వాత జీతం ఆగినా, మనిషి కనిపించకుండా పోయినా రాయబార కార్యాలయం వెతకడం మొదలుపెట్టేది ఈ రికార్డు నుంచే. పదో తరగతి సర్టిఫికెట్ నకిలీది పెట్టి ఈసీఆర్ ముద్ర లేని పాస్‌పోర్ట్ తీసుకుంటే ఆ రక్షణ పోతుంది, పైగా అది నేరం.

పర్యటనకు వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్ట్‌దారులకు క్లియరెన్స్ అక్కర్లేదు. అక్రమ ఏజెంట్లు వాడుకునే సందు ఇదే. మనిషిని విజిట్ వీసాపై పంపి, అక్కడికి వెళ్లాక పని వీసాగా మార్పిస్తామని నమ్మబలుకుతారు. విజిట్ వీసాపై పని చేయడం ఆరు గల్ఫ్ దేశాల్లోనూ చట్టవిరుద్ధం. అలా వెళ్లినవారికి కాంట్రాక్టు ఉండదు, తప్పనిసరి బీమా ఉండదు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడాల్సి వస్తుంది.

ఏజెంటు, ఫీజు, కాంట్రాక్టు

విదేశాంగ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి. లైసెన్సు నంబరు అసలుదో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ఊళ్లో మధ్యవర్తిగా తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో ఏ గుర్తింపూ లేదు. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోగలిగే సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది అక్రమం. డబ్బు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోవాలి. లక్ష, లక్షన్నర వడ్డీకి తెచ్చి ఇచ్చే అలవాటే కుటుంబాలను ముంచుతోంది. అప్పు భారం ఉన్న మనిషి ఎంత దారుణమైన పరిస్థితిలోనైనా పని వదిలి రాలేడు.

కాంట్రాక్టులో చూడాల్సినవి: యజమాని పేరు, పని హోదా, మూల వేతనం, పని గంటలు, ఓవర్ టైం లెక్క, వారపు సెలవు, వసతి, భోజనం, వైద్యం, రానుపోను టికెట్టు, ఉద్యోగ విరమణ సొమ్ము. వీసా మీది హోదా, కాంట్రాక్టులోని హోదా ఒకటే కావాలి. సంతకం చేసిన కాంట్రాక్టు నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుని, ఇంకొకటి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.

ఒక్కో దేశంలో ఒక్కో పనికి తగ్గకూడని జీతాన్ని భారత ప్రభుత్వం సూచిస్తుంది. 2020 సెప్టెంబరులో ఈ మొత్తాలను బాగా తగ్గించగా కార్మిక సంఘాలు, తెలంగాణ ప్రవాసీ సంఘాలు నిరసన తెలిపాయి. 2021లో ఆ తగ్గింపును ఉపసంహరించారు. సంతకానికి ముందే తన పనికి సూచిత జీతం ఎంతో తెలుసుకుంటే బేరమాడే బలం వస్తుంది.

వీసా రకాలు

కంపెనీ వీసా అంటే ఒక సంస్థ తన పని కోసం తీసుకునే వీసా. కార్మిక చట్టం పూర్తిగా వర్తించేది దీనికే. ఇంటిపని వీసాలు వేరు. కువైట్‌లో ప్రైవేటు సంస్థల పనికి 18వ నంబర్, ఇంటిపనికి 20వ నంబర్ వీసాలు ఇస్తారు. రెండింటికీ చట్టాలు, హక్కులు వేరువేరు. సౌదీలో ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు, గొర్రెలు, ఒంటెలు కాసేవారు సాధారణ కార్మిక చట్టం పరిధిలోకి రారు. వారికి విడిగా నియమాలున్నాయి. డ్రైవరని చెప్పి తీసుకెళ్లి ఎడారిలో మందల వెంట వదిలిపెట్టిన కేసులు తెలుగు జిల్లాల్లో ఎన్నో వెలుగుచూశాయి. అందుకే వీసాపై అరబీలో రాసిన పనిపేరును తెలిసినవారితో చదివించుకోవడం తప్పనిసరి.

‘ఆజాద్ వీసా’ పేరుతో అమ్మేది చట్టంలో లేని వస్తువు. ఒక కఫీల్ (వీసాకు పూచీదారైన స్థానిక యజమాని) పేరు మీద వీసా తీసుకుని, అతనికి ఏటా డబ్బు కడుతూ బయట దొరికిన పని చేసుకోవడమే దాని అర్థం. తనిఖీల్లో దొరికితే జరిమానా, జైలు, దేశ బహిష్కారం తప్పవు. పనిచోట ప్రమాదం జరిగితే పరిహారానికి అక్కడి యజమాని బాధ్యత వహించడు, ఎందుకంటే రికార్డులో ఆ కార్మికుడు అతని మనిషి కాడు.

వైద్య పరీక్షలు

పని వీసాకు ముందు గల్ఫ్ దేశాల ఆరోగ్య మండలి గుర్తించిన కేంద్రాల్లోనే పరీక్షలు చేయించుకోవాలి. ఇదివరకు గామ్కా అని పిలిచిన ఈ వ్యవస్థ ఇప్పుడు వాఫిద్ పేరుతో ఆన్‌లైన్ బుకింగ్‌తో నడుస్తోంది. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్త పరీక్షల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా వంటివి చూస్తారు. మహిళలకు గర్భ పరీక్ష ఉంటుంది. ఎప్పుడో నయమైన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ అయ్యే అవకాశం ఉంది. ఏజెంటుకు డబ్బు కట్టకముందే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించుకుని చూసుకోవడం మంచిది.

అక్కడికి చేరాక అకామా అనే నివాస కార్డు కోసం మళ్లీ పరీక్షలు జరుగుతాయి. ఇక్కడ తప్పుడు సర్టిఫికెట్‌తో గట్టెక్కినవారు అక్కడ పట్టుబడి వెనక్కి రావాల్సి వస్తుంది. అప్పటికే ఖర్చయిన డబ్బు తిరిగి రాదు. బీపీ, షుగర్, మూత్రపిండాల పనితీరు ఈ పరీక్షల్లో ప్రధానం కాకపోవచ్చు గానీ, ఎండలో పనిచేసే మనిషికి ప్రాణాంతకం అయ్యేవి అవే. వాటినీ చూపించుకుని వెళ్లాలి.

బీమా, శిక్షణ

ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైన ఈ పథకంలో 2017 సవరణ తర్వాత ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పన్నులు అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. గుండెపోటు వంటి సహజ మరణాలకు ఈ పరిహారం వర్తించదు. గల్ఫ్‌లో మరణిస్తున్న కార్మికుల్లో ఎందరో గుండె ఆగి పోతున్నారు కాబట్టి ఇది పెద్ద లోటు. ఇంటి ఖర్చులో కొంత తగ్గించుకునైనా విడిగా జీవిత బీమా తీసుకోవడం అవసరం. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియాకు మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రయాణానికి ముందు ఒక రోజు అవగాహన శిక్షణను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అక్కడి చట్టాలు, ఆచారాలు, ఫిర్యాదు మార్గాలు అందులో చెబుతారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ రంగ నియామక సంస్థలు.

మహిళలకు ప్రత్యేక నిబంధనలు

ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న మహిళలు పైన చెప్పిన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలి. నర్సులకు మినహాయింపు ఉంది. 2016 ఆగస్టు నుంచి ఈసీఆర్ మహిళల నియామకం ప్రభుత్వం గుర్తించిన ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఈ నిబంధన తప్పించుకోవడానికి వయసు పెంచి చూపడం, విజిట్ వీసాపై పంపడం, మరో దేశం మీదుగా తరలించడం జరుగుతోంది. అలా చేరిన మహిళ నాలుగు గోడల మధ్య ఒక ఇంట్లో ఉంటుంది. ఆమె ఎక్కడ ఉందో ఏ రికార్డూ చెప్పదు.

కువైట్‌లో 2015 నాటి 68వ నంబర్ చట్టం ఇంటి పనివారికి రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికో సెలవు, ఏటా 30 రోజుల వేతన సెలవు, పని ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సొమ్ము ఇవ్వాలంటుంది. ఇంటి పనివారి నియామకంపై భారత్, కువైట్ 2021 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. యూఏఈలోనూ 2022లో ఇంటి పనివారికి కొత్త చట్టం వచ్చింది. ఈ హక్కులు దక్కాలంటే ముందు సక్రమమైన వీసా ఉండాలి. యజమాని ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కుటుంబం దగ్గర ఉండాలి. వారానికి ఒకసారైనా మాట్లాడే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

సామానులో ఉండకూడనివి

మాదకద్రవ్యాల విషయంలో గల్ఫ్ చట్టాలు అత్యంత కఠినమైనవి. సౌదీ, కువైట్‌లలో రవాణాకు మరణశిక్ష కూడా ఉంది. ఊరివాళ్ల కోసమని ఎవరైనా ఇచ్చే పచ్చడి డబ్బా, మసాలా పొట్లం, బట్టల మూట విప్పి చూడకుండా తీసుకెళ్లకూడదు. అందులో గంజాయి దొరికితే తెలియదన్న మాటను కోర్టు నమ్మడం చాలా కష్టం. కూరల్లో వాడే గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషిద్ధం. పొడి మసాలాల్లో కలిసి ఉన్నా ఇబ్బందే. గుట్కా, పాన్ వంటివీ తీసుకెళ్లకూడదు.

మందులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందులు, ఆల్ప్రజోలామ్, డయజెపామ్, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ అక్కడ నియంత్రిత జాబితాలో ఉన్నాయి. అవి తప్పనిసరైతే వెళ్లే దేశపు ఆరోగ్య శాఖ అనుమతిని ముందే తీసుకోవాలి. బీపీ, షుగర్ మందులైనా ఇంగ్లిషులో రాసిన డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లో, అవసరమైనంత మేరకే ఉంచుకోవాలి. సౌదీ, కువైట్‌లలో మద్యం నిషిద్ధం. దొంగచాటుగా కాచే సారాలో మిథనాల్ కలిసి ఉండవచ్చు. 2025 ఆగస్టులో కువైట్‌లో అలాంటి కల్తీ మద్యం తాగి 20 మందికి పైగా చనిపోయారు, ఇంకా ఎందరో ఆసుపత్రి పాలయ్యారు.

చేరుకున్నాక: అకామా, పాస్‌పోర్ట్, కఫీల్

దేశంలో దిగగానే వేలిముద్రలు, కనుపాప వివరాలు తీసుకుంటారు. ఒకసారి బహిష్కరణకు గురైనవారు కొత్త పాస్‌పోర్ట్‌తో వెళ్లినా వీటి ద్వారా దొరికిపోతారు. నిర్ణీత గడువులో నివాస కార్డు తీయించే బాధ్యత యజమానిది. సౌదీలో దీన్ని అకామా అంటారు. బయటకు వెళ్లినప్పుడల్లా ఆ కార్డు దగ్గర ఉండాలి. కార్మికుడి పాస్‌పోర్ట్ యజమాని ఉంచుకోవడం సౌదీ, యూఏఈ, ఖతర్‌లలో చట్టవిరుద్ధం. అయినా చాలాచోట్ల అదే జరుగుతోంది. కాబట్టి పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు, అకామా నకళ్లు ఫోన్‌లోనూ, ఇంటివాళ్ల దగ్గరా ఉంచుకోవాలి.

కార్మికుడిని ఒకే యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిలో కొన్నేళ్లుగా మార్పులొస్తున్నాయి. ఖతర్ 2020 నాటికి దాదాపు అందరికీ నిష్క్రమణ అనుమతిని ఎత్తేసి, యజమాని అభ్యంతరం లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుంచి అక్కడ కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. సౌదీ అరేబియా 2021 మార్చిలో ప్రైవేటు రంగ కార్మికులకు ఉద్యోగ మార్పిడిని, దేశం విడిచి వెళ్లడాన్ని సులభం చేసింది. ఇంటి పనివారికి ఆ సంస్కరణలు వర్తించలేదు. కువైట్‌లో 2025 జూలై 1 నుంచి 18వ నంబర్ వీసాదారులు ప్రయాణానికి ముందు యజమాని అనుమతిని ఆన్‌లైన్‌లో పొందాలి. నియమాలు ఇలా మారుతూ ఉంటాయి గనుక పాతవారి అనుభవంతో సరిపెట్టుకోక భారత రాయబార కార్యాలయం ఇచ్చే తాజా సమాచారం చూసుకోవాలి.

యజమానితో పడక చెప్పకుండా పని వదిలి వెళ్లినవారిపై పరారీ కేసు పెడతారు. వారినే మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అంటారు. వారికి వైద్యం, బ్యాంకు, న్యాయస్థానం అన్నీ దూరమవుతాయి. కష్టం వచ్చినప్పుడు పారిపోకముందే రాయబార కార్యాలయానికి చెప్పడం మేలు. ప్రాణానికో, మానానికో ముప్పు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నేరుగా రాయబార కార్యాలయానికో, పోలీసులకో చేరాలి.

ఎండ

గల్ఫ్‌లో ఆరుబయట పనిచేసేవారికి అతిపెద్ద ఆరోగ్య ప్రమాదం ఎండే. తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఎండాకాలంలో మధ్యాహ్నపు పనిని అక్కడి చట్టాలు నిషేధించాయి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12 నుంచి 3 గంటల మధ్య, యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు, ఒమన్‌లో ఆ మూడు నెలలే 12.30 నుంచి 3.30 వరకు నిషేధం ఉంది. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా పని ఆపాలి. అంతేగాక వేడి, తేమ, గాలి, ఎండ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ సమయంలోనైనా ఆపాల్సిందే.

కరీంనగర్ ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లయినా అక్కడి తేమకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగాలి. చెమట ఎక్కువైన రోజు మజ్జిగ, ఓఆర్ఎస్ తీసుకోవాలి. ఎనర్జీ డ్రింకులు నీళ్లకు బదులు కావు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. ఏళ్ల తరబడి ఒంట్లో నీరు తగ్గుతూ పోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒళ్లునొప్పులకు రోజూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగడం ఆ నష్టాన్ని మరింత పెంచుతుంది.

తలనొప్పి, వాంతి, కాళ్ల కండరాలు పట్టేయడం, కళ్లు తిరగడం వడదెబ్బకు ముందు హెచ్చరికలు. మాట తడబడినా, తికమకపడుతున్నా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. వెంటనే అంబులెన్సును పిలిచి, మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిపై నీళ్లు పోస్తూ విసరాలి. చంకల్లో, మెడ దగ్గర మంచు ముక్కలు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

క్యాంపు జీవితం, ఇతర ఆరోగ్య జాగ్రత్తలు

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనంలో అగ్నిప్రమాదం జరిగి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్‌వారు ముగ్గురు. క్యాంపులో చేరిన రోజే బయటికి వెళ్లే దారులు రెండు చూసిపెట్టుకోవాలి. మెట్ల మీద సామాను పెట్టనివ్వకూడదు. ఒకే ప్లగ్గుకు నాలుగు పొయ్యిలు తగిలించడం, గదిలో గ్యాస్ సిలిండర్ దాచడం ప్రమాదకరం. శీతాకాలంలో ఎడారి రాత్రులు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. మూసిన గదిలో, గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా రాకుండా ప్రాణం తీస్తుంది.

ఒంటెల దగ్గర పనిచేసేవారికి మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి ముప్పు ఉంది. దీన్ని మొదట 2012లో సౌదీ అరేబియాలో గుర్తించారు. పచ్చి ఒంటె పాలు తాగకూడదు, జంతువులను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకు తాను చేసే పనేమిటో చెప్పాలి.

క్యాంపు తిండిలో అన్నం, వేపుళ్లు ఎక్కువై, నిద్ర తక్కువై బీపీ, షుగర్ ముదురుతాయి. ఛాతీ బరువెక్కినా, ఎడమ చేయి లాగినా గ్యాస్ నొప్పని సరిపెట్టుకోవద్దు. ఒంటరితనం, అప్పు, ఇంటి బెంగ కలిసి ఎందరినో ఆత్మహత్య దాకా నెడుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం గది సహచరుల్లో కనిపిస్తే పలకరించాలి. ఇంటి నుంచి ఫోన్ చేసేవారు డబ్బు సంగతి కంటే ముందు మనిషి సంగతి అడగాలి.

చట్టం, మర్యాద

రంజాన్ మాసంలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం తగదు. కువైట్ వంటి చోట్ల అది శిక్షార్హం కూడా. ప్రభుత్వ, సైనిక భవనాలను, అనుమతి లేకుండా మహిళలను ఫొటో తీయకూడదు. మతాన్ని, పాలకులను, ఇతర మతస్థులను కించపరిచే పోస్టు వాట్సాప్‌లో పంపినా కేసు అవుతుంది. మన దగ్గర మామూలుగా తిరిగే రాజకీయ వీడియో అక్కడ ఉద్యోగాన్ని, స్వేచ్ఛను పోగొట్టవచ్చు. తన గుర్తింపు కార్డుతో ఇతరులకు సిమ్ కార్డు, అప్పు ఇప్పించకూడదు. వారు ఎగ్గొడితే ప్రయాణ నిషేధం తన మీద పడుతుంది.

ఆపదలో సాయం

విదేశాంగ శాఖ ఉచిత సహాయ నంబరు 1800113090. 2015లో ప్రారంభమైన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది నేరుగా ఆ దేశంలోని రాయబార కార్యాలయానికి చేరుతుంది. రియాద్, అబుదాబీ, కువైట్, దోహా, మస్కట్, మనామాలలో రాయబార కార్యాలయాలు, జెడ్డా, దుబాయిలలో కాన్సులేట్లు ఉన్నాయి. నిరుపేద బాధితుల వసతికి, విమాన టికెట్టుకు, మృతదేహం తరలింపుకు వాడే భారతీయ సముదాయ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. హైదరాబాద్‌లో ప్రవాసీ సహాయ కేంద్రం పనిచేస్తుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రజాభవన్‌లో ప్రవాసీల అర్జీలకు ప్రవాసీ ప్రజావాణి ప్రారంభించింది.

గడువు మీరి ఉన్నవారికి ఈ దేశాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. యూఏఈ 2018లో, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలా అవకాశమిచ్చింది. పాస్‌పోర్ట్ లేనివారికి రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. దీన్నే ఔట్‌పాస్ అంటారు. యుద్ధం వంటి సమయాల్లో రాయబార కార్యాలయంలో పేరు నమోదై ఉండటం ప్రాణాలను కాపాడుతుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించారు.

అక్కడ మరణం సంభవిస్తే వైద్య నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సమ్మతి పత్రం, పాస్‌పోర్ట్ రద్దు, రాయబార కార్యాలయ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం వంటివి పూర్తయితేనే మృతదేహం వస్తుంది. ప్రమాద మరణమైతే పోలీసు విచారణ ముగిసేదాకా ఆగాల్సి ఉంటుంది. వారసులు రాయబార కార్యాలయం పేరిట ఇచ్చే అధికార పత్రం ఆలస్యమైతే బకాయి జీతం, పరిహారం కూడా ఆలస్యమవుతాయి.

తిరుగు ప్రయాణం

పని ముగించి వచ్చేవారికి ఉద్యోగ విరమణ సొమ్ము చట్టబద్ధమైన హక్కు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపై ఏడాదికి నెల జీతం. ఈ లెక్క రాకపోవడానికి సాధారణ కారణం, ‘నాకు రావలసినవన్నీ ముట్టాయి’ అనే అరబీ కాగితంపై విమానాశ్రయానికి బయల్దేరే హడావుడిలో పెట్టే సంతకం. ఖాళీ కాగితంపైనా, చదవలేని కాగితంపైనా సంతకం చేయకూడదు. జీతం బ్యాంకులో పడ్డ వివరాలు, ఓవర్ టైం చిట్టాలు, అనుభవ ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

బకాయి ఉండగానే రావాల్సి వస్తే అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు చేసి, దాని నంబరుతో పాటు రాయబార కార్యాలయానికి అధికార పత్రం రాసి ఇచ్చి రావాలి. 2020లో కరోనా వేళ ఉద్యోగాలు పోయి వేలమంది ఈ పని చేయకుండానే వచ్చేశారు, వారి చెమట సొమ్ము అక్కడే మిగిలిపోయింది. ఫిర్యాదు నంబరు, అధికార పత్రం ఉంటే కార్మికుడు తన ఊళ్లో కూర్చునే ఆ సొమ్ము కోసం పోరాడగలడు.